గౌరవ శిలీంధ్రం

ఆ మధ్యాహ్నం డైరెక్టరు గారు నిద్రపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు, వీరాయమ్మకు అన్ని పాకుండలు వండే పనీ పడేది కాదు.

వరి పరిశోధనా కేంద్రం వార్షికోత్సవంలో ముందు వరసలో కూర్చుని కునుకు తీయడం డైరెక్టరు విశ్వపతి గారి అలవాటు. అది అందరికీ క్షేమం కూడా. కానీ ఆ రోజు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి చెమట పట్టేసరికి ఆయనకు మెలకువ వచ్చింది. సరిగ్గా అప్పుడే తెగుళ్ళ విభాగం డాక్టర్ పద్మనాభం మైకు లేక గొంతు పెంచి, వరి మొక్కకూ బూజు తెగుళ్ళకూ జరిగే యుద్ధం గురించి చెబుతున్నాడు.

"మొక్కకు రెండంచెల కాపలా ఉందండి. పరాయివాడెవడైనా ఆకు మీద వాలితే, వాడి ఒంటిమీది తొడుగు చూసి 'వీడు మనవాడు కాదు' అని కేక పెడుతుంది. అది మొదటి అంచె. దాన్ని దాటి లోపలికొచ్చినవాడి చేతిలో పనిముట్టు చూసి పట్టేసేది రెండో అంచె. పట్టుకోగానే ఆ చుట్టుపక్కల కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. దొంగకు తిండి దొరక్కుండా చేస్తాయన్నమాట."

అద్భుతం అనుకున్నారు విశ్వపతి గారు. ఆ తర్వాత అరగంట సేపు పద్మనాభం ఇంత గట్టి కాపలాను బూజు ఎంత సుళువుగా బోల్తా కొట్టిస్తుందో వివరించాడు. అది మాత్రం డైరెక్టరు గారు వినలేదు. కరెంటు వచ్చేసింది మరి.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. 'ప్రకృతి మాత వరి మొక్కకు ప్రసాదించిన ద్వంద్వ రక్షణ వ్యవస్థను ఈ సంస్థ యావత్తూ తక్షణమే త్రికరణశుద్ధిగా అనుసరించవలెను' అని దాని సారాంశం. సిబ్బందిని సమావేశపరచి డైరెక్టరు గారు తర్కం కూడా విప్పి చెప్పారు. "తెగుళ్ళు బయటి నుంచి వచ్చును. మన సంస్థకు బయటి నుంచి వచ్చునది ఎవరు? రైతులు. కాబట్టి." ఆయన 'కాబట్టి' అన్నాక అభ్యంతరం చెప్పే అలవాటు ఆ సంస్థలో ఎవరికీ లేదు.

గేటుకు ఆకుపచ్చ రంగు వేశారు. ఇకపై దాన్ని గేటు అనకూడదు, 'పత్ర బాహ్య చర్మము' అనాలి. పక్కన ఓ బోర్డు పెట్టి దాని మీద పరాయివాడి గుర్తులు రాయించారు. కాళ్ళకు బురద, భుజం మీద కండువా, చేతిలో పచ్చటి మొక్క, నోట 'బాబూ' అన్న పిలుపు. వీటిలో ఏది కనిపించినా కాపలాదారు ఈల వేయవలెను. లోపల సంకేతాలకు అంతరాయం కలగకుండా ఉద్యోగులందరూ సెల్‌ఫోన్లు గేటు దగ్గరే అప్పజెప్పి పోవలెను. ఇంతా చేసి, ఆ సంస్థ పెట్టింది రైతుల కోసం. ఆ సంగతి బోర్డు మీద రాయడానికి చోటు చాలలేదు.

ఆ బోర్డు ముందుకు, తడిగోనెలో వరి దుబ్బు చుట్టుకుని వీరాయమ్మ వచ్చింది.

మొగుడు పోయాక మొదటిసారి తన పేరున కౌలుకు తీసుకున్న చేను అది. "ఆడమనిషివి, చూద్దాం. ఈ పంట సరిగ్గా తీస్తే పైయేడూ నీకే" అన్నాడు భూమి గలాయన. చేను బాగానే ఎదిగింది. తీరా చిరుపొట్ట మీదుండగా ఆకుల మీద మచ్చలు లేచాయి. సరైన మందు ఇప్పుడు పడకపోతే, రేపు కంకి బయటికొచ్చాక మెడ దగ్గర విరిగి అంతా తాలే. ఊళ్ళో మందుల కొట్టువాడిని అడిగితే అన్ని రకాలూ కలిపి కొట్టమంటాడు. అందుకని ఎప్పటిలాగే దుబ్బు వేళ్ళతో సహా పీకి, పద్మనాభానికి చూపిద్దామని బస్సెక్కి వచ్చింది.

గేటు దగ్గర ఈల మెడలో వేసుకుని సింహాద్రి నిలబడి ఉన్నాడు. వీరాయమ్మకు వరసకు మేనల్లుడు.

"ఆగత్తా. ఇటు రాకు, ఈలెయ్యాలి."

"ఎందుకురా, బస్సేమైనా కదల్తందా?"

"కాళ్ళకి బురదుంది. చేతిలో దుబ్బుంది. ఇవి గుర్తులంట."

"చేలోంచి వచ్చినదాని కాళ్ళకి బురద కాక పారాణి ఉంటదా బాబూ?"

"అదిగో, బాబూ అనేశావు" అని సింహాద్రి బాధపడుతూనే ఈల వేశాడు.

ఆ ఈలకు లోపలున్న ఉద్యోగులంతా రూలు ప్రకారం కిటికీలు మూసుకున్నారు. పద్మనాభం ఒక్కడూ బయటికొచ్చి, గేటు ఊచల్లోంచి దుబ్బు కేసి చూశాడు. నూలుకండెల్లాంటి మచ్చలు, నడుమ బూడిద రంగు. అతని మొహం వాడిపోయింది.

"అగ్గి తెగులులా ఉందమ్మా. కానీ ఈ రకానికి అది రాకూడదు."

"రాకూడదని సంచి మీద మీరే రాయించేరండి. మరి దానికి చదువు రాదు కాబోలు."

"గోధుమ మచ్చ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. దాని వైద్యం వేరు, దీని వైద్యం వేరు. తప్పు చెబితే మీ పంట పోతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గాని చెప్పలేను."

"అయితే పట్టుకెళ్ళి చూడండి."

"నా చేతిలో మొక్క కనిపించినా ఈలేనమ్మా. మొన్న మా విభాగాధిపతి జేబులో కరివేపాకు దొరికితే మెమో ఇచ్చారు."

వీరాయమ్మ దుబ్బును కింద పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని, ఆ పచ్చ గేటును పైనుంచి కిందకు చూసింది. ఆమెకు కోపం వస్తే అరవడం తెలీదు, అడగడమే తెలుసు.

"ఒక్కమాట చెప్పండి డాక్టరు గారూ. ఈ కాపలా అంతా వరి మొక్కని చూసి పెట్టిందే గదండీ. మరి మొక్కలోకి బూజు దర్జాగా దూరిపోయింది. దానికెవరు చీటీ రాసిచ్చేరు?"

పద్మనాభం మొహం మళ్ళీ వెలిగింది. వార్షికోత్సవం తర్వాత ఆ మాట అతన్ని అడిగినవాళ్ళు లేరు. "తొడుగమ్మా. తన ఒంటిమీది తొడుగును బట్టి మొక్క గుర్తుపడుతుందని బూజుకు తెలుసు. అందుకని ఆ తొడుగు మొక్క కంటపడకుండా పైన ఇంకోటి కప్పేసుకుంటుంది. రాలిన పేలికలు కూడా మొక్కకు దొరక్కుండా తనే ఏరేసుకుంటుంది."

"అలాగా అండి" అని వీరాయమ్మ దుబ్బు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి తోటికోడలి కూతురి పెళ్ళి పట్టుచీర, ఎత్తుమడమల చెప్పులు, మెరుపుల హ్యాండ్‌బ్యాగు దిగాయి. వాటి లోపల వీరాయమ్మ ఉంది. బ్యాగులో నాలుగు మడతలు పెట్టిన వరి ఆకులున్నాయి.

"అత్తా, ఎంత బావున్నావు" అన్నాడు సింహాద్రి.

"గుర్తుపట్టేశావేంట్రా?"

"నిన్ను గుర్తుపట్టేనే. నీ మీద గుర్తుల్లేవుగా. పద లోనికి."

మొదటి అంచె అలా దాటింది. లోపల వరండాలో రెండో అంచె ఉంది. అది విచారణ కౌంటరు. దాని వెనక కూర్చున్న అధికారికి ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. రైతన్నవాడు ఏ వేషంలో వచ్చినా లోపలికి వెళ్ళడానికి వాడే పనిముట్టు ఒక్కటేనట, 'చూపించాలండి' అన్న మాట. ఆ మాట చెవిన పడిన క్షణాన, విన్నది ఏ విభాగమైనా, మొక్క కణం లాగే, తనను తాను అంతం చేసుకోవాలి.

"మేడమ్, తమరి రాక యొక్క ప్రయోజనం?" అన్నాడాయన.

"పద్మనాభం గారికి ఆకు చూపించాలండి."

కౌంటరు షట్టరు దబ్బున పడింది. లోపల ఎవరో చదవడం వినిపించింది. 'సంస్థ యొక్క విశాల ప్రయోజనముల దృష్ట్యా విచారణ విభాగము తన్ను తాను సస్పెండు చేసుకొనుచున్నది.' తర్వాత ఫైళ్ళు సర్దిన చప్పుడు, కుర్చీలు జరిపిన చప్పుడు, పెరటి తలుపు తీసుకుని నలుగురైదుగురు టీకొట్టు వైపు హుషారుగా నడిచి వెళ్ళిన చప్పుడు. వీరాయమ్మను మర్యాదగా గేటు బయట దింపేశారు. సాయంత్రానికి బోర్డు మీద పట్టుచీర, హ్యాండ్‌బ్యాగు కూడా చేరాయి. పాపం ఆ పూట జీతాల లెక్క అడగడానికి పట్టుచీరలో వచ్చిన సాక్షాత్తూ డైరెక్టరు గారి భార్య ఈల మోతకు హడలిపోయి ఇంటికి వెళ్ళిపోయింది.

వీరాయమ్మను దింపేసిన కాసేపటికే పద్మనాభం మళ్ళీ ఊచల దగ్గరికొచ్చాడు. వీరాయమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడి ఉంది.

"చేను నిండు పొట్ట మీదుందండి. ఇంక రెండు మూడు రోజులు దాటితే నా చేను నాది కాదు" అంది. కుచ్చిళ్ళు నడుములో దోపుకుంది. "సరే, బూజు ఇక్కడ ఏం చేస్తదో చెప్పండి."

"పట్టిచ్చే పనిముట్టు ఉంటే, దాన్ని వదిలేసి వస్తుంది. మీ చేలో అదే జరిగి ఉంటుంది. ఈ రకం తయారుచేసేటప్పుడు నేను మొక్కకు ఒక్క దొంగను గుర్తుపట్టడమే నేర్పాను. వాడు చేతిలో గడ్డపార పారేసి వచ్చాడు." అతను ఊచల మీదికి ఇంకాస్త వంగాడు. "ఇంకోటి కూడా చేస్తుందమ్మా. ముందుగా కొన్ని సరుకులు లోపలికి పంపుతుంది. అవి వెళ్ళి కేక పెట్టేవాళ్ళ నోళ్ళు నొక్కేస్తాయి."

"నోరు నొక్కడం." వీరాయమ్మ సింహాద్రి మెడలోని ఈల వైపు చూసింది. "మరి ఆ తలుపులు మూసేసుకునేవాళ్ళని?"

"దానికి వేరే జాతి బూజుంది. పాముపొడ తెగులని మీకు తెలుసుగా. బతికున్న కణాలతో దానికి పనిలేదు, చచ్చినవే దాని తిండి. మొక్క తనను తాను ఎంత చంపుకుంటే దానికంత పండగ. చంపుకొమ్మని అదే ఎగదోస్తుంది కూడా."

వీరాయమ్మ మొదటిసారి నవ్వింది. "అంటే ఎంతమంది తలుపులేసుకుంటే మనకంత దారన్నమాట."

ఆ రాత్రి ఆమె ఇంట్లో బియ్యప్పిండి, బెల్లం పాకం కలిసి ఉండలయ్యాయి. వీరాయమ్మ పాకుండల గురించి ఆ ఊళ్ళో కొత్తగా చెప్పాల్సింది లేదు. ఒకటి నోట్లో పడితే అది కరిగేదాకా మనిషి ఊఁ, ఆఁ తప్ప ఇంకేమీ అనలేడు.

మర్నాడు ఆమె పాతచీరలోనే వచ్చింది. కాళ్ళకు బురద, నెత్తిన గోనె, అందులో వేళ్ళతో సహా దుబ్బు, చేతిలో స్టీలు డబ్బా. "మీ అమ్మకి ఇద్దామనుకున్నానురా, నువ్వే ఎదురొచ్చేవు" అని మూత తీసింది. సింహాద్రి ఒకటి తీసుకున్నాడు, మొహమాటపడుతూ ఇంకోటి కూడా. వీరాయమ్మ గేటు దాటింది. అతను బోర్డు చూశాడు, ఆమె కాళ్ళు చూశాడు, ఉద్యోగధర్మం గుర్తొచ్చి ఈల నోట్లో పెట్టుకున్నాడు. అందులోకి పాకం తప్ప గాలి వెళ్ళలేదు.

విచారణ కౌంటరు ఎలాగూ మూసే ఉంది. వీరాయమ్మ ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను గుమ్మంలో నిలబడి, లోపలికి తల పెట్టి, "చూపించాలండి" అంది. దడదడా తలుపులు పడ్డాయి. అకౌంట్సు దగ్గర ఇంకాస్త గట్టిగా అంది. అక్కడి సూపరింటెండెంటు ఆ మాట కోసమే నిన్నటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. క్యారేజీ సర్ది పెట్టుకుని కూర్చున్నాడు కూడా. "మా విభాగము కూడా ఆత్మార్పణమునకు సిద్ధముగా ఉన్నది" అని ప్రకటించి, ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. స్టోర్సువాళ్ళు ఆమెను చూసి తామే వచ్చి అడిగారు. "మా దగ్గర అనరేంటమ్మా?" అన్నారు. విత్తన విభాగం, భూసార విభాగం, ఆఖరికి భద్రతా విభాగం కూడా సంస్థ కోసం ప్రాణాలర్పించి టీ తాగడానికి వెళ్ళాయి. అంత పెద్ద భవనంలో అడిగే నాథుడు లేడు, ఆపే నాథుడు లేడు. వీరాయమ్మ బురద అడుగులు వేసుకుంటూ, వరండా మధ్యలోంచి, తన చేను గట్టు మీద నడిచినంత తీరుబడిగా ప్రయోగశాల చేరింది.

పద్మనాభం ఆకు ముక్కను గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులోకి వంగాడు. ఇంతసేపూ నవ్వులాటగా ఉన్నది కాస్తా ఒక్కసారిగా చేనై, కౌలై, పైయేడై వీరాయమ్మ ముందు నిలబడింది.

"అగ్గి తెగులేనమ్మా. మీరూ చూడండి."

బేరిపండ్ల మాదిరి చిన్న చిన్న రూపాలు. చూడ ముచ్చటగా ఉన్నాయి, అదే ఆమె ఒళ్ళు మండించింది.

"ఇంత లేవు, నా పొలం తినేద్దామనే" అంది వాటితో.

పద్మనాభం మందు పేరు రాసిచ్చాడు. యూరియా ఆపేయమన్నాడు, చేను ఎండనివ్వొద్దన్నాడు, కంకి తొంగి చూసే లోపే కొట్టమన్నాడు. రాశాక కలం మూత పెట్టడం మరిచిపోయి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"నా ఉద్యోగంలో సగం ఈ రకానికే పోయిందమ్మా. దీనికి రాదని రైతులందరికీ నేనే చెప్పాను."

"దిగులెందుకండి. ఒక్క దొంగనే గుర్తుపట్టమని చెప్పేనన్నారు గదా. ఈసారి నలుగురిని గుర్తుపట్టమనండి. మీరు చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు" అని ఆమె డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది.

గుమ్మంలో డైరెక్టరు విశ్వపతి గారు నిలబడి ఉన్నారు. కాఫీ తెచ్చేవాడు కూడా ఆత్మార్పణ చేసుకోవడంతో కారణం కనుక్కుందామని వచ్చారు. ఆయన బురద అడుగులను చూశారు, దుబ్బును చూశారు, వీరాయమ్మను చూశారు. పద్మనాభం తన ఉద్యోగం అయిపోయిందనుకున్నాడు. కానీ డైరెక్టరు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆనందంతో.

"సమగ్ర చొరబాటు. రెండంచెలూ ఛేదింపబడినవి. అనగా మన వ్యవస్థ వరి మొక్కతో సంపూర్ణ సారూప్యమును సాధించినది. ప్రపంచమున ఏ సంస్థకూ ఇట్టి ఘనత లేదు. అమ్మా, తమరెవరు?"

"కౌలుదారునండి."

"కాదు. తమరు శిలీంధ్రము."

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు టైపు చేయించారు. టైపిస్టు లేకపోవడంతో ఆయనే చేశారు. సంస్థ రక్షణ సామర్థ్యాన్ని ఏటేటా పరీక్షించేందుకు శ్రీమతి వీరాయమ్మను 'గౌరవ శిలీంధ్రము' పదవిలో నియమించడమైనది. ఫొటో తీశారు, మెడలో కార్డు వేశారు, చప్పట్లు కొట్టారు. కొట్టడానికి ఇద్దరే ఉన్నారు కాబట్టి ఆ చప్పుడు అంతగా వినిపించలేదు. వీరాయమ్మ కార్డును రవికలో దోపుకుని, మందు కొనుక్కుని, పొద్దు వాలకముందే చేలోకి దిగింది.

చేను నిలిచింది. ఓ మూల కొన్ని కంకులు తాలు పోయాయి, మిగిలినదంతా బంగారంలా దిగింది. కుప్ప నూర్చిన రోజున భూమి గలాయన వచ్చి ధాన్యం గుప్పిట పట్టి చూసి, "పైయేడూ నువ్వే చెయ్యి" అన్నాడు. వీరాయమ్మ గట్టున కూర్చుని తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని, పద్మనాభానికి చెప్పిరావాలని కొత్త బియ్యంతో పాకుండలు వండి బయల్దేరింది.

గేటు దగ్గర మెడలో కార్డు తీసి చూపించింది. సింహాద్రి అది చదివి, తల గోక్కున్నాడు.

"అత్తా, ఇందులో నువ్వు శిలీంధ్రం అని రాసుంది. కింద డైరెక్టరు గారి సంతకం కూడా ఉంది. శిలీంధ్రాన్ని ఆపడానికే గదా నన్నిక్కడ పెట్టింది."

"మరి డాక్టరు గారో?"

సింహాద్రి రోడ్డవతలి టీకొట్టు వైపు చూపించాడు. పందిరి కింద బల్ల వేసుకుని, దాని మీద మైక్రోస్కోపు పెట్టుకుని పద్మనాభం కూర్చుని ఉన్నాడు. చుట్టూ దుబ్బులు పట్టుకుని రైతులు వరసలో ఉన్నారు. పక్క బెంచీ మీద విత్తన విభాగం, దాని పక్కన భూసార విభాగం. లోపలికి వచ్చేవాటినే తప్ప బయటికి పోయేవాటిని ఆపమని సర్క్యులర్లో లేదు. మైక్రోస్కోపు చంకన పెట్టుకుని పద్మనాభం ఓ పొద్దున బయటికి నడిచాడు. తిరిగి వెళ్ళబోతే అది 'బయటి వస్తువు' అన్నారు. సరేనని ఇక్కడే ఉండిపోయాడు. లోపల ఇక మిగిలింది డైరెక్టరు గారూ, ఆయన కాపలా మాత్రమే. ఏ విభాగంలోకీ ఎవరూ చొరబడలేదని ఆయన పంపిన నివేదిక చదివి, రాజధానివాళ్ళు ముచ్చటపడి, 'దుర్భేద్య సంస్థ' అవార్డు ప్రకటించారు.

"ఆయన ఇవాళే అది తీసుకుని వస్తున్నాడు" అన్నాడు సింహాద్రి.

అంటుండగానే జోరువాన మొదలై, ఓ గంట కురిసి వెలిసింది. కాసేపటికి మలుపు దగ్గర కారు బురదలో దిగబడిన చప్పుడు, ఆ తర్వాత ఎవరో నడిచి వస్తున్న చప్పుడు వినిపించాయి. డైరెక్టరు విశ్వపతి గారే. మోకాళ్ళ దాకా బురద. భుజం మీద సన్మానం శాలువా. ఈ మధ్య సభల్లో పూలగుత్తులకు బదులు మొక్కలిస్తున్నారు గదా, చేతిలో కుండీతో సహా పచ్చటి మొక్క. నాలుగు అడుగుల దూరం నుంచే అలసిన గొంతుతో పిలిచారు.

"బాబూ, తలుపు తియ్యి."

సింహాద్రి బోర్డు కేసి చూశాడు. ఒక్కో గుర్తునూ వేలు పెట్టి సరిచూసుకున్నాడు. ఈ పూట అతని నోట్లో ఏమీ లేదు. ఈల ఆ రోడ్డంతా మోగిపోయింది.

విశ్వపతి గారు తాను ఎవరో చెప్పారు. తనే రాసిన సర్క్యులరును సింహాద్రి తనకే చదివి వినిపించాడు. ఆయన ఎండిన నాలుకతో కాసేపు వాదించి, ఇక చేతకాక రోడ్డు దాటి టీకొట్టు పందిట్లోకి వచ్చారు. ఒక్కరూ లేవలేదు. వీరాయమ్మ మాత్రం జరిగి, తన పక్కన చోటిచ్చి, డబ్బా మూత తీసి చాపింది.

"దీనితో పనవుద్దండి. కాకపోతే ముందు ఆ శాలువా తీసెయ్యాలి."

ఆయన పాకుండ తీసుకున్నారు, శాలువా తీశారు, కానీ గేటు వైపు వెళ్ళలేదు. కుండీలోని మొక్కను చాలాసేపు తేరిపార చూశారు. దాని ఆకు మీద ఓ మచ్చ ఉంది. నడుమ బూడిద రంగు. ఆయన అటూ ఇటూ చూసి, కుండీని రెండు చేతులా పట్టుకుని, రైతుల వరస చివరకు వెళ్ళి నిలబడ్డారు. తన వంతు వచ్చాక పద్మనాభం ముందు ఆ కుండీ పెట్టి, చిన్న గొంతుతో అన్నారు.

"చూపించాలండి."